మగ్గం కాళ్లు, జీపు కాళ్లు

ఐరాల దగ్గర వదిలేసిన రాతి క్వారీలో ఒక చిన్న జీపు నా నడుమెత్తు బండ ఎక్కుతుంటే చూస్తూ నిలబడిపోయి, నగరికి రావలసిన బస్సు పోగొట్టుకున్నాను. కాణిపాకంలో దర్శనం చేసుకుని, ఐరాలలో మా చిన్నమ్మను చూసి వస్తున్నాను ఆరోజు. ఆటో ఆయన దగ్గరి దారి అని క్వారీ పక్కగా తెచ్చాడు. ఆదివారం. గుంతలో పదీ పన్నెండు జీపులున్నాయి. చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ వచ్చినవాళ్లట.

"పని లేదు మా వీళ్లకి. రోడ్డుండగా బండలెక్కుతారు," అన్నాడు ఆటో ఆయన.

అయిదు నిమిషాలు ఆపమన్నాను. గంటకు పైగా నిలబడ్డాను. ఆయన రెండుసార్లు హారను కొట్టి, మూడోసారి నా సంచి తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయాడు.

నేను చూసింది ఏమిటంటే, నెమ్మది. పెద్ద పెద్ద జీపులు గోల చేసుకుంటూ, దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. అందులో పాతది, చిన్నది ఒకటి ఉంది. అది గోల చేయలేదు. ముందు ఒక మనిషి దానికి ఎదురుగా నిలబడి, వెనక్కి నడుస్తూ, వేళ్లతో చూపిస్తున్నాడు. ఇటు. కొంచెం. ఆగు. చక్రం బండను తాకి, ఆలోచించుకున్నట్టు ఆగి, పట్టు దొరికాక పైకి లేచింది. తర్వాత ఇంకో చక్రం. నేను ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ మీద పనిచేసిన దాన్ని. అక్కడ రెప్ప వేసేలోపల పోగు మోసే నాడె అటుపోయి ఇటు వస్తుంది. ఒక యంత్రం ఇంత నిదానంగా, ఇంత తెలివిగా కదలగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

అది సరిగ్గా మా జీపు లాంటిదే. మా షెడ్డు పక్కన టార్పాలిన్ కింద ఉన్నది కూడా ఆ చిన్న పెట్రోలు జీపే.

ఇంటికి చేరేసరికి పొద్దు గూకింది. మా ఆయన అరుగు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. ఎడమ మోకాలు. క్లచ్చి తొక్కే కాలు. అది పాడయ్యాక ఆయన బండి తోలడం మానేశాడు. ఒక ఏడాది నేనే తోలి గుడ్డ చేరవేశాను. ఆ తర్వాత గుడ్డ కొనే సేటు తన వ్యానే పంపడం మొదలుపెట్టాడు. జీపుకు పని లేకుండా పోయింది.

నేను చూసింది చెప్పాను. ఆయన నూనె రాసుకోవడం ఆపలేదు.

"రాళ్లెక్కే జీపా? కాణిపాకం పోయి ఇదా నువ్వు మొక్కుకోనొచ్చింది?"

"మన జీపుతో అయితాదా కాదా, అది సెప్పు."

"ఏమే, నీకు తెల్దా? దాన్ని పాతినుము అంగడాయనకి ఇస్తానని మాటిచ్చినా. అమావాస్య పోతానే వస్తాడు. ఆ మూల మగ్గమూ, ఈ జీపూ, రెండూ ఒకే బండిలో ఎత్తుకోని పోతాడు."

ఆ మాట నాకు తెలియదు. మగ్గం సంగతి తెలుసు. మిగతావి నడుస్తున్నా, దాని మీద నేయడం మానేసి రెండేళ్లయింది. జీపు సంగతి ఆయన ఒక్కడే అనుకుని ఒక్కడే మాటిచ్చేశాడు.

ఎందుకు అంత కోపం వచ్చిందో చెప్పాలంటే అక్షరాల సంగతి చెప్పాలి. మా నాయన గుంతమగ్గం నేసేవాడు. ఇంట్లో ఆడపిల్లలం కండెలు చుట్టాలి. బడికి మగపిల్లలు పోయారు. పెళ్లయి వచ్చిన ఇంట్లో పవర్‌లూమ్ ఉంది, కండెలు చుట్టే పని పోయింది, కానీ తీరిక రాలేదు. నలభై అయిదు దాటాక, నేసిన లుంగీ గుడ్డ జీపులో వేసుకుని ఆయనతో పాటు పుత్తూరు, తిరుపతి, ఒక్కోసారి తిరుత్తణి వైపు పోవడం మొదలుపెట్టాను. దారిలో ఊరికే కూర్చోలేను. ఊరికే కూర్చోవడం నాకు పుట్టుకతోనే రాదు. ఆ బోర్డులో ఏముంది, ఈ రాయి మీద ఏముంది అని అడిగేదాన్ని. ఆయన చదివి చెప్పేవాడు. పుత్తూరు బోర్డు మొదట్లో ఉన్న అక్షరమే మా ఊరి పూల అంగడి బోర్డు మీద కూడా ఉందని, కొమ్ము మాత్రం పొడుగని, ఒకరోజు నాకు నేనుగా కనిపెట్టాను. అలా మొదలైంది. పలకా బలపం ఆ తర్వాత వచ్చాయి. సరిహద్దు దాటగానే బోర్డులు అరవంలోకి మారేవి. అప్పటిదాకా ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ వచ్చిన నేను, ఒక మలుపు తిరిగేసరికి మళ్లీ ఏమీ రాని దాన్ని అయిపోయేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు మన అక్షరాలు ఎప్పుడు కనబడతాయా అని సీటు అంచున కూర్చునేదాన్ని. బండి తోలడం నేర్చుకున్నది కూడా అందులోనే. లైసెన్సు పరీక్షలో ప్రశ్నలు నేనే చదువుకుని నేనే నొక్కాను.

దాన్ని తూకానికి వేస్తాడట.

రెండు రోజులు ఆయన అన్నం అరుగు మీద పెట్టేసి షెడ్డులోకి పోయాను. మూడో రోజు ఆయనే అన్నాడు.

"సరే. నువ్వు సెప్పేది ఎట్లయితాదో కాగితం మీద రాసి సూపించు. ఏమేం మార్చాల, ఏమేం కొనాల అంతా. ఆ మూల మగ్గం అమ్మితే ఎంతొస్తాదో అంతలో ముగియాల. వెల్డింగాయన సరే అంటే అప్పుడు సూస్తాం."

"అమావాస్య దాకా టైముండాది గదా?"

"పన్నెండు దినాలుండాది."

నేను పాత క్యాలెండరు కాగితాలు చించి వెనక వైపు రాయడం మొదలుపెట్టాను. ఫోనులో వీడియోలు చూశాను. వాళ్లు మాట్లాడే భాష రాదు, కానీ చేతులు చూస్తే పని అర్థమవుతుంది. చూసిందల్లా రాశాను. పెద్ద టైర్లు. జీపు ఎత్తు పెంచాలి. ముందర తాడు చుట్టుకుని లాగే మిషను. లావు ఇనుప బంపర్లు. లోపల పైపుల పంజరం. కింద పొట్టకు దెబ్బ తగలకుండా రేకు. రాస్తున్నకొద్దీ ఇంకేదో మర్చిపోయినట్టుండేది. మగ్గం నడుస్తుంటే లేచి వచ్చి ఒక ముక్క రాసి, మళ్లీ పోయేసరికి పోగులు తెగి గుడ్డలో గీత పడి ఉండేది. ఆ వారం నా గుడ్డలో ఎన్ని గీతలు పడ్డాయో, పెళ్లయిన కొత్తలో కూడా అన్ని పడలేదు. అన్నం ముందు కూర్చుంటే జీపు గుర్తొచ్చేది, జీపు దగ్గరికి పోతే పొయ్యి మీద చారు గుర్తొచ్చేది.

పట్టీ తీసుకుని వెల్డింగ్ షాపుకు పోయాను. ఆయన మా జీపుకు మొదటి నుంచీ పనిచేసిన మనిషి. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చదివాడు. మొదటి కాగితం తిప్పి రెండోది చూశాడు.

"అక్కా, ఇది జీపు ప్లానా, పెండ్లి సామాన్ల పట్టీనా?"

"ఎగతాళి వద్దు. అయితాదా కాదా?"

"అయితాది. మీ మగ్గం అమ్మితే సాలదు. షెడ్డూ ఇల్లూ రెండూ అమ్మాల. ఇంకోటి. టైర్లు పెంచి, ఎత్తు పెంచి రోడ్డు మీదికి తెస్తే ఆర్టీవో ఆపీసోళ్లు ఊరుకుంటారా? క్వారీకి నువ్వు రోడ్డు మీదనే గదా పోవాల. ఎగిరి పోవు గదా?"

"పొట్టకింద రేకన్నా ఎయ్యొచ్చు గదా? మా మగ్గం పక్క చట్రం ఉండాది, అంత ఇనుము..."

"అది పోత ఇనుమక్కా. బండ తగిల్తే బిస్కెట్టు మాదిరి ఇరిగిపోతాది. టిప్పరు తొట్టి పాత రేకు ఉంటే సూస్తా." కాగితాలు నాకిచ్చేస్తూ, కొంచెం జాలిపడ్డట్టున్నాడు, "అన్నిట్లోకీ కావాల్సింది నెమ్మది గేరు. మీ జీపుకు పక్కన పొట్టి రాడ్డుండాదే, అన్న ఎప్పుడూ వాడలా. దాన్లో పళ్ల చక్రాలు ఇంకా నెమ్మదైనవి మార్చుకుంటే బండి పాకతాది. తిరుపతిలో పాత సామాన్ల అంగళ్లలో దొరికితే దొరకొచ్చు," అని ఇప్పుడున్న చక్రాలకు ఎన్ని పళ్లో ఒక చీటీ మీద రాసిచ్చాడు.

మరుసటి రోజు పొద్దున్నే రైలెక్కి తిరుపతి పోయాను. కొండకు పోయేవాళ్లంతా ఒక వైపు, నేనొక్కదాన్నే గ్రీజు కంపు కొట్టే సందులో. నాలుగో అంగడిలో ఉంది. అంగడాయన గుట్టలోంచి రెండు చక్రాలు తీసి బల్ల మీద పెట్టి, "మెకానిక్కును పంపించమ్మా, మీకు తెల్దు," అన్నాడు.

నేను వేలితో పళ్లు లెక్కపెట్టాను. మగ్గంలో గుడ్డను లాగే చోట ఇలాంటి పళ్ల చక్రమే ఉంటుంది. అది మారిస్తే గుడ్డ నడక మారుతుంది. నెమ్మదిగా నడిపించే చక్రం వేస్తే పోగులు దగ్గర దగ్గరగా పడి గుడ్డ దట్టంగా వస్తుంది. ముప్పై ఏళ్లు ఆ చక్రాలు మార్చిన చేతులివి.

"చిన్నదానికి పళ్లు తక్కువ, పెద్దదానికి ఎక్కువ. మా బండిలో ఉండేదానికంటే ఇది నెమ్మదిగానే తిరగతాది. అయితే ఈడ సూడు, ఈ పన్ను అరిగిపోయిండాది. ఇంకో పెద్ద చక్రం లేదా?"

ఆయన నా వైపు చూసి, చక్రం వైపు చూసి, లోపలికి పోయి ఇంకొకటి తెచ్చాడు. దానికి పళ్లన్నీ బాగున్నాయి. "ఏం పని సేస్తారమ్మా మీరు?"

"నేత."

"నేత పనికి గేరెందుకు?"

ఎందుకని అందరూ అడుగుతున్నారు. తోటకు పోవడానికా, బాడుగకా, ఎందుకు? ఎందుకూ కాదు. ఆ బండ నేను ఎక్కించాలి, అంతే. బతుకంతా దేనికో ఒకదానికి పనికొచ్చే పనే చేశాను. ఒక్కటి పనికిరానిది చేయాలనిపించింది. ఇది అంగడిలో నిలబడి చెప్పే మాట కాదు. పది రోజులు పక్కన పెట్టమని చెప్పి వచ్చేశాను.

గేరు ఒకటి, రేకు ఒకటి. ఈ రెండూ మగ్గం డబ్బులో వస్తాయి. మిగతావి లేకుండా ఆ బండలు దాటుతుందా? అది తెలియకుండా కాగితం మీద ఏం రాసేది? మాలో కొత్త అంచు నేయాలంటే ముందు జానెడు నమూనా నేసి చూస్తాం, నిలువు పోగుల పడుగంతా దాని మీద పెట్టేయం. జీపుకు నమూనా ఎందుకుండకూడదు అనుకున్నాను.

షెడ్డులో పాత వెదురు బొంగులున్నాయి. జీపు నాలుగు చక్రాలూ నేలను తాకే చోట్ల మధ్య దూరం పోగుతో కొలిచాను. కింద పొట్ట నేలకు ఎంత ఎత్తులో ఉందో, వెనక బంపరు చక్రానికి ఎంత దూరం పొడుచుకొచ్చిందో కొలిచాను. ఆ కొలతలకు నాలుగు కాళ్లు, మధ్యలో పొట్టంత ఎత్తున అడ్డ బొంగులు. చక్రాలు లేని, ఇంజను లేని, ఉత్త కొలతల జీపు. దాన్ని చక్రాల గుర్తులున్న దారిలో మోసుకుంటూ ఒక్కో బండ మీద పెట్టి చూస్తే ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది.

ఒక్కదాన్నే మోయలేను. మా అన్న భార్య, మా వదిన, పడుగు తోడే పని చేస్తుంది. ఆమెను అడిగాను.

"వస్తాలే. వినాయకుని దర్శనం చేయిస్తేనే వస్తా. లేకపోతే నీ బొంగులు నువ్వే మోసుకో."

ఒప్పుకున్నాను. బొంగులు విప్పి కట్టగా కట్టి చిత్తూరు బస్సు ఎక్కాం. కండక్టరు కట్ట దగ్గర ఆగాడు.

"ఏందక్కా ఇవి, పందిరి గుంజలా?"

"కాదప్పా, జీపు," అంది మా వదిన.

"జీపా?"

"ఆ. ఇంకా పెరగలా."

బస్సంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కానీ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. ఇంకా అయిదే ఉన్నాయి.

దర్శనం అయ్యాక క్వారీకి పోయి, బొంగుల్ని గంజి పెట్టిన నూలుతో బిర్రుగా కట్టాం. మూలలు సరిగ్గా ఉన్నాయా అని పోగు పట్టి ఎదురు మూలలు కొలిచి మరీ కట్టాను. ముందు నేను, వెనక వదిన, భుజాల మీద పెట్టుకుని గుంతలోకి దిగాం. మేకలు తోలుకుంటున్న ఒక ముసలాయన లేచి నిలబడి తలగుడ్డ తీసేశాడు.

"ఎవురు పోయినారమ్మా? ఇద్దరు ఆడోళ్లే మోస్తాండారే, మొగోళ్లు లేరా?"

నేను నోరు తెరిచేలోపే మా వదిన అంది, "ఇంకా ఎవురూ పోలా తాతా. ఖాళీగానే ఉండాది. నువ్వు పడుకుంటావా?"

"థూ, నీ నోట్లో మన్ను!" అన్నాడు ఆయన. అయినా మేకల్ని వదిలేసి మా వెంటే వచ్చాడు. ఏ జీపు ఎక్కడ ఇరుక్కుందో, ఎక్కడ నలుగురు కలిసి తోశారో అన్నీ ఆయన చూసి ఉన్నాడు. చేతికర్రతో చూపించాడు.

ఏడు బండలు. ఒక్కో బండ మీద చట్రం పెట్టి, వంగి కింద చూసి, క్యాలెండరు కాగితం మీద రాసుకున్నాను. పొట్ట రెండు చోట్లే తగిలింది. రేకుంటే చాలు. వెనక బంపరు మూడు చోట్ల తగిలింది. అది తీసేస్తే పోతుంది. ఎత్తు పెంచే పని లేదు, పెద్ద టైర్ల పని లేదు. నా పట్టీలో సగం అక్కడే కొట్టేశాను. కానీ ఇంకొకటి జరిగింది. అయిదు బండల మీద చట్రం మూడు కాళ్ల మీదే నిలబడింది. నాలుగో కాలు గాలిలో. నేను ఒక మూల నొక్కితే ఇంకో మూల లేస్తుంది. చక్రం గాలిలో ఉంటే పట్టు ఎక్కడిది? ఎన్ని రకాలుగా తిప్పి పెట్టినా అంతే.

"గాలిలో," అని అయిదుసార్లు రాశాను. మా బండితో కాదని కాగితమే చెబుతోంది. తిరుగు బస్సులో మా వదిన నిద్రపోయింది. నేను ఆ అయిదు మాటల్నీ చదువుతూనే ఉన్నాను. చదవడం రాకపోతే బాగుండు అని నాకు అంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు.

మరుసటి ఉదయం చట్రాన్ని మళ్లీ వాకిట్లో కట్టి, ఒక కాలి కింద రోలు పెట్టి చూశాను. అంతే. ఒక కాలు గాలిలో. విసుగొచ్చి విప్పేద్దామని కత్తి తెచ్చాను. మా ఆయన అరుగు మీంచి చూస్తున్నాడు.

"ఆగు. ఎందుకంత బిర్రుగా కట్టినావు?"

"వదులు కడితే ఊగతాది గదా?"

"ఊగాల!" అన్నాడు. "జీపు కాళ్లేమన్నా మగ్గం కాళ్లా, సీలలు కొట్టి నిలబెట్టేదానికి? ఊగేదానికే గదా చక్రాల మీద కమాను కట్టలు పెట్టిండేది? ఒక చక్రం పైకి పోతే ఇంకో చక్రం కిందనే ఉండాల. ఇన్నేండ్లు నా పక్కనే కూర్చోని ఇది తెల్దా నీకు?"

మగ్గం ఒక మూల వదులైతే గుడ్డ వంకరపోతుంది. వదులు అనేది నాకు తెలిసినంతవరకు తప్పే. తెలియకుండానే జీపుకు కూడా మగ్గం కాళ్లు కట్టాను.

ఆయన కర్ర ఊతంతో లేచి వచ్చాడు. ముడులన్నీ కోసి, తానే మళ్లీ కట్టాడు, వేలు దూరేంత సందు వదిలి. రోలు మీద పెట్టాం. చట్రం మూలిగి, మెలి తిరిగి, నాలుగు కాళ్లూ ఆనించింది.

ఆయన గోనెసంచి పట్టుకుని జీపు దగ్గరికి పోయి, మోకాలు వంగదు కనుక పక్కకు ఒరిగి, వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు. "ఇట్రా," అని పిలిచాడు. నేనూ పడుకున్నాను. ముందు చక్రాలు రెంటినీ కలుపుతూ వంకర తిరిగిన ఒక ఇనుప కమ్మీ చూపించాడు.

"రోడ్డు మీద వంపుల్లో బండి పక్కకి ఒరగకుండా దీన్ని పెట్టినారు. రోడ్డుకి మంచిదే. బండల్లో మాత్రం ఇదే చెడ్డది. ఒక చక్రం లేస్తే రెండోదాన్ని కూడా ఎత్తి పట్టుకుంటాది."

"తీసేస్తే?"

"వంపుల్లో నిదానంగా తోలాల. నువ్వు తోల్తావా నిదానంగా? నీ కాళ్లు నిలబడవు గదా."

"తీసేదానికి ఎంతయితాది?"

"ఏమీ కాదు. నాలుగు బోల్టులు."

నేను చూసిన వీడియోల్లో, రాసిన పట్టీల్లో, అన్నీ తగిలించేవే. తీసేసేది ఒకటి ఉంటుందని నాకు తోచనే లేదు.

అమావాస్య రేపనగా వెల్డింగాయన పానాలు తెచ్చాడు. మా ఆయన అప్పటికి ఒక మాట అనేసి ఉన్నాడు. "ఉత్త మాటలు నేను నమ్మను. రోలు పక్కన రాతిబండ పెట్టి కుడి ముందు చక్రం ఎక్కించు. ఎడమ చక్రం కింద దారం పెట్టు. లాగితే దారం తెగాల. తెగకుండా బయటికొచ్చిందంటే చక్రం గాలిలో ఉన్నట్టే. అట్లొస్తే అమావాస్య పోతానే జీపు పోతాది. మళ్లీ నన్ను అడగొద్దు."

మొదట కమ్మీ ఉండగానే చూశాం. పొట్టి రాడ్డు వెనక్కి లాగి, జీపును బండ మీదికి పాకించాను. ఏళ్లు వాడని ఆ గేరు కిర్రుమని పడింది. ఇంజను మూలుగుతూ, ఆక్సిలేటరు తొక్కకుండానే, చీమ నడిచినట్టు ఎక్కింది. చేతి బ్రేకు లాగి, వెనక ఇటుక పెట్టించి దిగాను. కండె నుంచి నూలు పోగు తీసి ఎడమ చక్రం కింద దూర్చాను. దూర్చడానికి కష్టమే కాలేదు. లాగితే వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చింది.

వెల్డింగాయన కిందికి దూరాడు. మూడు బోల్టులు ఊడాయి. నాలుగోది తుప్పుపట్టి రాలేదు. ఆయన నూనె పోశాడు, తిట్టాడు, సుత్తితో కొట్టాడు, మళ్లీ తిట్టాడు. నేను జీపు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

"అక్కా, నువ్వు తిరగతాంటే నాకు తల తిరగతాండాది. ఒక పక్క కూర్చో."

"కూర్చోదప్పా," అన్నాడు మా ఆయన. "పెండ్లి పీటల మీద కూడా కూర్చోలా."

కమ్మీ ఊడి నేల మీద పడింది. ఈసారి జీపును వెనక్కి తీసి, ఎడమ చక్రం ఆనే చోట ముందే పోగు పరిచి, మళ్లీ బండ ఎక్కించాను. దిగాను. పోగు కొస బయటికి కనబడుతోంది.

"నువ్వే లాగు," అన్నాడు ఆయన. "దారం నీదే గదా."

వేలికి చుట్టుకుని లాగాను. బిర్రుగా నిలిచింది. ఇంకొంచెం లాగాను. టప్పుమని తెగింది.

పోగు తెగిన చప్పుడు వింటే నా చేతులు వాటంతట అవే రెండో కొసను వెతికి ముడి వేస్తాయి. అప్పుడూ అదే చేశాయి. వంగి, చక్రం కింద కొస కోసం తడుముతుంటే వెల్డింగాయన పగలబడి నవ్వాడు. "తెగిందక్కా! తెగింది! ముడెయ్యబాక!"

మా ఆయన నవ్వలేదు. తెగిన ముక్క నా చేతిలోంచి తీసుకుని, ఎత్తి చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

అమావాస్య దాటిన మరుసటి రోజు పొద్దున్నే పాత ఇనుము ఆయన బండి తెచ్చాడు. మగ్గాన్ని విప్పి నలుగురు కలిసి మోసుకెళ్లారు. నేను పెళ్లయి వచ్చినప్పుడు మొదట నిలబడింది దాని ముందే. అది పోయిన చోట నేల మీద నాలుగు కాళ్ల గుర్తులు, మధ్యలో నూనె మరక. చూస్తూ నిలబడ్డానో లేదో, జీపు దగ్గర మాటలు వినిపించి అటు పరుగెత్తాను.

"జీపు అని సెప్తిరి గదన్నా?" అంటున్నాడు ఇనుము ఆయన.

"జీపులో ఎక్కువైందంతా ఇస్తాండా. తూకమెయ్యి."

గోడకు ఆనించి ఉన్నాయి. వంకర కమ్మీ, వెనక బంపరు, రెండు పక్కలా కాలు పెట్టి ఎక్కే మెట్లు.

"ఇదేందన్నా, మనిషినిస్తానని గోర్లు కత్తిరించి ఇచ్చినట్టు?"

"మాటిచ్చినా. ఒట్టి చేతుల్తో పంపలేదు గదా? ఇంకా మాట్లాడితే ఇది కూడా ఇయ్యను."

ఆయన గొణుక్కుంటూ తూకం వేశాడు.

ఇంకా ఏమీ అయిపోలేదు. పళ్ల చక్రాలు ఈ వారం తిరుపతి నుంచి తేవాలి. టిప్పరు రేకు దొరికిందని కబురొచ్చింది కానీ వంచి బిగించాలి. బండల దగ్గరికి పోయాక చక్రాల్లో గాలి తగ్గించాలి, తిరిగి రోడ్డెక్కేముందు కాలి పంపుతో నింపాలి. ఇవన్నీ కొత్త క్యాలెండరు కాగితం మీద రాసి గోడకు అంటించాను. ఈసారి ఒక్క కాగితంలో పట్టింది.

నిన్న పొద్దున ఊరికే ఉండలేక, రోలు పక్కన బండ మీదికి ఇంకోసారి ఎక్కించి చూద్దామని జీపు తీశాను. ముందు చక్రాల్లో గాలి కొంచెం వదిలాను. కొలత ముల్లు ఒక్కో అంకె దిగుతుంటే చదువుకున్నాను. టైరు నేల మీద వెడల్పుగా పరుచుకుంది. సీట్లో కూర్చుని తలెత్తితే మా ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు, చంకలో కర్ర. ఆయన ఎప్పుడు వచ్చాడో చూడలేదు. ఇన్నేళ్లూ ఆయన తోలుతుంటే నేను పక్కన కూర్చుని ముందున్నది చూశాను. ఇప్పుడు ఆయన ముందు నిలబడి, నా చక్రాన్ని చూస్తూ, వేళ్లు ఆడించాడు. ఇటు. కొంచెం. ఇంకొంచెం.

చక్రం రాతిని తాకింది.

"ఆగు," అన్నాడు.

ఆగడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. కాలు బ్రేకు మీద పెట్టి, ఆయన వేలి కొసే చూస్తూ ఆగాను. పట్టు దొరికిందని ఆయన తల ఊపాక, వదిలాను.